విడిపట్టీల డైము

కెల్సో ఫాల్స్, ఒహాయో
ఫిబ్రవరి 11, 1991

ఎమెట్‌కి,

నీ సంతాపం కార్డు అందింది. దానిమీద లిల్లీ పూలు వేసి ఉన్నాయి. లిల్లీలంటే రోలండ్‌కి తుమ్ములని నీకు తెలుసు. ఆరిజోనా ఎడారిలో కార్డుల దుకాణాలు ఎలా ఉంటాయో నాకు తెలీదు కనుక ఈసారికి వదిలేశాను.

ఇక్కడ మంచు కిటికీ గట్టు దాకా ఉంది. మా లెనోర్ రోజూ ఫోన్ చేసి "అమ్మా, పార పట్టుకోకు" అంటుంది. తల్లులు ఏం చేయకూడదో కూతుళ్ళకి బాగా తెలుసు. నేను పార పట్టుకోవడం లేదు. కుర్చీలో కూర్చుని మంచును చూస్తున్నాను. రోలండ్ పోయాక ఇల్లు బోసిపోయిందని అందరూ అంటున్నారు. చూపు పోయాక రెండు శీతాకాలాలు అతను కొండమీది వృద్ధాశ్రమంలోనే గడిపాడు కదా, ఇల్లు బోసిపోయింది అప్పుడే. ఇప్పుడు కొత్తగా వచ్చిందల్లా మధ్యాహ్నాలు. ఎంతకీ తెమలవు.

పనిలోకి వస్తాను. మీ నాణేల క్లబ్బు వాళ్ళు ఏప్రిల్‌లో ఊరి గ్రంథాలయంలో రోలండ్ పేరుతో ఒక గాజు పెట్టె పెడుతున్నారు. నడిమధ్య అతని 1945 డైము, ఆ పది సెంట్ల వెండి బిళ్ళ, ఉండాలట. కార్యదర్శి వెండెల్ హోబార్ట్ వచ్చి నా కాఫీ మూడు కప్పులు తాగి చెప్పింది ఏమిటంటే, ఈ రోజుల్లో నాణేలకి మార్కులు వేసే గ్రేడింగ్ కంపెనీ వాళ్ళు ప్లాస్టిక్ డబ్బాలో బిగించి చీటీ అంటిస్తే తప్ప ఎవరూ దేన్నీ నమ్మరట. చీటీ మీద "పట్టీలు విడి" అని ఉండాలట. ఆ కంపెనీల వాళ్ళు నీకు తెలుసు కదా. నువ్వే పంపించి పెట్టు.

నలభై ఏళ్ళు నాణేలవాడితో కాపురం చేసినా నాకు ఒంటబట్టింది కొంచెమే. బిళ్ళకి ఒకవైపు రెక్కల టోపీ పెట్టుకున్న తల. మీరంతా దాన్ని మెర్క్యురీ దేవుడు అంటారు. అది స్వేచ్ఛాదేవి అని లాటిన్ పంతులమ్మగా నేను ఎన్నిసార్లు చెప్పినా ఒక్కరూ చెవిన పెట్టలేదు. రెండోవైపు రోమన్ అధికారుల కర్రల మోపు. ఆ మోపుని మధ్యలో కట్టిన పట్టీలు రెండు. టంకశాలలో అచ్చు గట్టిగా పడితే రెండు పట్టీలకీ మధ్య గీత తెలుస్తుంది, లేకపోతే రెండూ ఒకే ముద్దగా వస్తాయి. 1945లో ఫిలడెల్ఫియా టంకశాల కొట్టిన డైములు దాదాపు అన్నీ ముద్దలే. రోలండ్‌ది మాత్రం విడి. అప్పజెప్పిన పాఠం సరిగ్గానే ఉందా?

అది దొరికిన రోజున మా వంటింటి బల్ల దగ్గర అతని పక్కన ఉన్నది నువ్వే. బ్యాంకు నుంచి తెచ్చిన డైముల చుట్ట విప్పి ఇద్దరూ వేసిన కేకకి నా కేకు కుంగిపోయింది. అందుకే నీకు అప్పగిస్తున్నాను. బిళ్ళను విడిగా తీయకుండా, ఏడాదికో గూడు ఉన్న అతని డైముల పుస్తకం మొత్తం పంపుతున్నాను. బిళ్ళ ముఖాన వేలు పెట్టినవాళ్ళు తర్వాతి సమావేశానికి అందరికీ సరిపడా పండ్లు పెట్టి కాల్చిన పై చేసి తేవాలన్న క్లబ్బు జరిమానా గుర్తుందిగా? ఆ నియమం పెట్టింది రోలండే. ఆ జరిమానా ఒక్కసారి కూడా కట్టనిదీ రోలండ్ ఒక్కడే. నేను ఇప్పుడు పిండి కలిపే స్థితిలో లేను.

నీ ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి?

అగస్టా


టూసాన్, ఆరిజోనా
ఫిబ్రవరి 27, 1991

అగస్టా గారికి,

పుస్తకం భద్రంగా వచ్చింది. నా ఊపిరితిత్తులు ఉన్నచోటే ఉన్నాయి. ముక్కులో గొట్టం, పక్కన చక్రాల బండి మీద ఆక్సిజన్ సీసా. కుక్కను తిప్పినట్టు దాన్ని తిప్పుతున్నాను. కుక్కయితే మొరిగేది.

లిల్లీల విషయం మర్చిపోయాను. క్షమించండి.

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఎలా రాసినా బాగుండదు కనుక తిన్నగా చెప్తాను. 1945 గూట్లో ఉన్నది రోలండ్ బిళ్ళ కాదు. పట్టీలు చదునుగా ఉన్నాయి. గీత లేదు. మెరుపు కూడా లేదు, బూడిద రంగు. ఎవరి జేబులోనో తిరిగిన మామూలు డైము. మిగతా గూళ్ళన్నీ సరిగ్గానే ఉన్నాయి, రోలండ్ పెట్టినవి పెట్టినట్టే.

అతను ఆసుపత్రికీ ఆశ్రమానికీ తిరిగిన రోజుల్లో ఇంటికి ఎవరైనా వచ్చారా? పుస్తకం ఎక్కడ ఉండేది? కంగారు పడకండి. వెతికితే దొరకవచ్చు. కంపెనీకి నేనేమీ పంపలేదు.

ఎమెట్ కార్విన్


కెల్సో ఫాల్స్
మార్చి 8, 1991

మిస్టర్ కార్విన్‌కి,

మీ ఉత్తరం చదివాను. నేను పంతులమ్మను, రెండోసారి చదివితే అర్థం మారుతుందేమోనని రెండోసారీ చదివాను. మారలేదు.

పుస్తకం రోలండ్ రాతబల్ల సొరుగులో ఉండేది. సొరుగు తాళం నా మెడలో ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళు పాస్టరూ, లెనోరూ, పైపులు బాగుచేసే మనిషీ. పైపుల మనిషికి స్వేచ్ఛాదేవి మీద ఆసక్తి ఉన్నట్టు కనబడలేదు. ప్యాకెట్ కట్టిన రోజు వెండెల్ హోబార్ట్ నా ఎదురుగా ఉన్నాడు. గూట్లో 1945 డైము ఉంది. అతనూ చూశాడు. భూతద్దం తీయలేదు, నిజమే. మీ స్నేహితుడి పుస్తకాన్ని అతని వంటింట్లో భూతద్దం పెట్టి తనిఖీ చేయడం మర్యాద కాదనుకున్నాడట.

అంటే ఇక్కణ్ణుంచి ఒక డైము బయలుదేరింది. అక్కడ ఇంకో డైము దిగింది. మధ్యలో ఉన్నది అమెరికా తపాలా శాఖ. వాళ్ళు ఉత్తరాలు పోగొట్టడం చూశాను గానీ, రిజిస్టరు ప్యాకెట్ విప్పి పది సెంట్లు తీసి, ఆ గూట్లోనే వేరే పది సెంట్లు పెట్టి, అదే ఏడాది చూసి మరీ పెట్టి, మళ్ళీ సీలు వేయడం చూడలేదు.

మిమ్మల్ని నేనేమీ అనడం లేదు. గూడు మాత్రం ఖాళీగా బయలుదేరలేదు అంటున్నాను.

అగస్టా లైడిగ్


టూసాన్
మార్చి 19, 1991

శ్రీమతి లైడిగ్ గారికి,

వెండెల్ కూడా రాశాడు. "సరైన బిళ్ళ తిరిగి పంపిస్తే ఎవరూ ఏమీ అడగరు, నీ వయసుని బట్టి మేం అర్థం చేసుకోగలం" అని రాశాడు. వెండెల్ నా వయసుని అర్థం చేసుకుంటున్నాడు. ఆ క్లబ్బులో మొదటి కుర్చీ వేసింది నేను. అగ్నిమాపక కేంద్రం మేడ మీదికి ఆ కుర్చీలు మోసింది నేనూ రోలండూ. వెండెల్ అప్పుడు మెట్ల కింద నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అన్నాడు.

అతనికి జవాబు రాయలేదు. మీకు రాస్తున్నాను. ఆ గూట్లోంచి నేనేమీ తీయలేదు. ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఇంకో వాక్యం లేదు.

నన్ను మిస్టర్ అన్నారు. మీ పెరట్లో నేను పాతిన ఆపిల్ చెట్టు ఉంది. దాన్నీ మిస్టర్ అంటున్నారా?

పుస్తకం తిరిగి పంపమంటే పంపుతాను.

ఎమెట్ కార్విన్


కెల్సో ఫాల్స్
ఏప్రిల్ 6, 1991

ఎమెట్‌కి,

చెట్టుకి మొగ్గలు వచ్చాయి. దాంతో నాకు మాటల్లేవు కనుక ఏమీ అనలేదు.

నిన్న నన్ను క్లబ్బుకి పిలిచారు. మెట్లెక్కేసరికి నాకు కళ్ళు తిరిగాయి. మొదటి మెట్టు దగ్గర వెండెల్ నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అన్నాడు. నువ్వు రాసింది గుర్తొచ్చి నవ్వబోయాను, దగ్గు వచ్చింది.

అక్కడ రెండు పార్టీలు. ఒక పార్టీ నువ్వు తీశావంటుంది. "ఎడారిలో ఒంటరిగా, మందులకి ఎంతవుతుందో" అని జాలి కూడా పడుతోంది. ఇంకో పార్టీది కొత్త మాట. అసలు రోలండ్ దగ్గర విడిపట్టీల డైము ఎప్పుడూ లేదట. "మనలో ఎవరైనా భూతద్దం కింద చూశామా?" అని వెండెల్ అడిగాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. చూసినవాళ్ళంతా లూథరన్ శ్మశానంలో వరసగా పడుకుని ఉన్నారు, నువ్వు తప్ప. బొటనవేళ్ళకి భయపడి రోలండ్ దాన్ని బల్ల చుట్టూ తిప్పడం ఎప్పుడో మానేశాడు. "అచ్చు సరిగా పడని బిళ్ళని చూసి పట్టీలు విడిగా ఉన్నాయని పాపం ఊహించుకుని ఉంటాడు, మంచివాడే" అన్నాడు వెండెల్. నా మొగుడు మంచివాడని ఇంత అవమానకరంగా ఎవరూ ఎప్పుడూ అనలేదు.

గాజు పెట్టె మధ్యలో ప్రస్తుతానికి వెండెల్ దాచుకున్న దున్నపోతు బొమ్మ నికెళ్ళు, అయిదు సెంట్ల బిళ్ళలు, పెడతారట. జూన్ సమావేశంలో తేలుస్తారట, నువ్వు దొంగవా, అతను అబద్ధాలకోరా అని.

ఎమెట్, నేను అలసిపోయాను. నువ్వు తీశావని అనుకున్న మాట నిజం. నాలుగు రోజులు అనుకున్నాను. తర్వాత అలా అనుకోవడానికి కూడా ఓపిక కావాలని తెలిసింది. నువ్వు తీయలేదు. నాకు తెలుసు. నిద్ర లేచి పళ్ళు పెట్టుకుంటుంటే ఊరికే తెలిసింది.

కనుక ఒక మాట చెప్తాను, కోప్పడకు. రెండో పార్టీ మాటే ఖాయం చేద్దాం. రోలండ్ గొప్పలు చెప్పాడని అందాం. అతను టమాటాల గురించి చెప్పలేదా? సంతలో వాటిని చూసినవాళ్ళెవరూ నమ్మలేదు. ఇప్పుడు అతని పేరు పోతే అతనికి వినబడదు. నీకు వినబడుతుంది. "అవును, చదునుగానే ఉండేది, స్నేహితుడని ఊరుకున్నాను" అని నువ్వు ఒక్క ముక్క రాసిస్తే జూన్‌లో నేనే చదివేస్తాను. అందరూ తలలాడించి డోనట్లు తిని ఇళ్ళకి పోతారు.

అగస్టా


టూసాన్
ఏప్రిల్ 29, 1991

అగస్టా గారికి,

రాయను.

నాకు లాభించే మాటే అది. మీరు దయతో అన్నారని తెలుసు. కానీ అతని బిళ్ళకి పట్టీలు విడిగా ఉండేవి. నేను చూశాను. అది దొరికిన రోజున దాన్ని డెబ్భైకి అరవై ఆరు అన్నాను నేను, అరవై అయిదు అన్నాడు రోలండ్. తన బిళ్ళకి తనే తక్కువ మార్కులు వేసుకున్నవాడు గొప్పలు చెప్పేవాడెలా అవుతాడు? టమాటాల సంగతి వేరు.

మీ ఉత్తరం చదివాక నాకు వెండెల్ మీద కోపం వచ్చింది. కోపం నాకు మంచిది, ఊపిరి ఆడుతుంది. ఫిబ్రవరిలో ఆ బిళ్ళని కిటికీ దగ్గర చూసి, "ఇది కాదు" అని మూసేశాను. వేరే బిళ్ళ అని తేలిపోయాక దాన్ని ఇంకా ఎందుకు చూడడం అనుకున్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఇప్పుడు వెండెల్ "అచ్చు సరిగా పడలేదు" అన్నాడు కదా, ఆ మాట అబద్ధమని చూపిద్దామని కిటికీ తెరలు మూసి, ఒకటే బల్బు పెట్టి, పూర్వం మేం చూసినట్టు దాన్ని వంచి వంచి చూశాను.

మీరు పంతులమ్మ కనుక పాఠంలాగే చెప్తాను. పట్టీ చదునుగా ఉండడానికి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, పుట్టుకలోనే అచ్చు లోతుగా పడకపోవడం. అలాంటి బిళ్ళ చదునుగా ఉన్నచోట కూడా మెరుస్తుంది. దీపం కింద తిప్పితే వెలుగు ఆ చదును మీదుగా ఎక్కడా తెగకుండా దొర్లుతుంది. దానికి మార్కులు పెద్దగా తగ్గవు, "పట్టీలు విడి" అన్న బిరుదు మాత్రం రాదు. రెండోది అరుగుదల. అచ్చు బాగానే పడింది, తర్వాత ఎత్తుగా ఉన్నచోటల్లా అరిగింది. అక్కడ వెలుగు తెగుతుంది. బూడిద మచ్చ పడుతుంది. దానికి మార్కులే పోతాయి. చూడ్డానికి రెండూ ఒకలాగే చదును. తెలియనివాడు దీన్ని అది అంటాడు, దాన్ని ఇది అంటాడు.

ఈ బిళ్ళలో వెలుగు తెగుతోంది. కాబట్టి అరుగుదల. వెండెల్ మాట పోయింది.

కానీ అరగడంలో వింత ఉంది. దుకాణాల్లో తిరిగిన చిల్లర అంచులు దెబ్బలు తింటాయి, తాళాల గీతలు పడతాయి. దీని అంచు మీద ఒక్క నొక్కు లేదు. మోపులో కర్రల మధ్య సందుల్లో కొత్త మెరుపు అలాగే ఉంది. పట్టీల దగ్గర మాత్రమే నున్నగా, అండాకారంగా అరిగిపోయింది. పట్టీ ఒక కొసన, మలుపులో, వెంట్రుకంత పొడవున రెండు పట్టీల మధ్య గీత ఇంకా మిగిలి ఉంది. లోతుగా ఉంది.

అప్పుడు తిప్పి ఇటువైపు చూశాను. స్వేచ్ఛాదేవి (చూశారా, అన్నాను) గడ్డం కింద చిన్న నొక్కు. బ్యాంకు సంచిలో పక్క బిళ్ళ తగిలి పడ్డది. రోలండ్ దాన్ని దోమకాటు అనేవాడు. "ఈ ఒక్క దోమ కుట్టకపోతే అరవై ఏడు వచ్చేది కదా" అని ఆ రోజు మీ బల్ల మీద తల పెట్టుకున్నాడు.

ఇదే ఆ బిళ్ళ, అగస్టా గారూ. ఎవరూ మార్చలేదు. ఎవరూ తీయలేదు. ఎవరో ఒక మనిషి దీన్ని చాలాకాలం చేతిలో పెట్టుకుని, ఒకే చోట, బొటనవేలితో రుద్దాడు.

ఎవరో నేను రాయను. మీకు తెలిసే ఉంటుంది, లేదా ఒక పూటలో తెలుస్తుంది. మీరు చెప్పొద్దంటే నేను ఎవరికీ చెప్పను. దొంగగానే ఉండిపోతాను. ఇక్కడ ఆ సంగతి తెలిసినవాళ్ళెవరూ లేరు.

ఎమెట్


కెల్సో ఫాల్స్
జూన్ 9, 1991

ప్రియమైన ఎమెట్‌కి,

ఆలస్యానికి కారణం ఉంది. ముందు లెనోర్‌కి ఫోన్ చేశాను.

"నాన్న డైముల పుస్తకాన్ని నువ్వు ఎప్పుడైనా ముట్టుకున్నావా?" అని అడిగాను.

"లేదే," అంది. ఆగి, "ఆ, ఒకసారి. ఆశ్రమం వాళ్ళు నాన్న సామాను సంచిలో వేసి ఇచ్చారు చూడు, అందులో కట్టుడు పళ్ళతో పాటు ఒక డైము ఉంది. కాగితాల కోసం నీ దగ్గర తాళం తీసుకుని సొరుగు తెరిస్తే పుస్తకంలో 1945 గూడు ఖాళీగా కనిపించింది. బిళ్ళ మీదా 1945 అని ఉంది. సరిపోయిందని పెట్టేశాను. చొక్కా కొసతో శుభ్రంగా తుడిచే పెట్టానులే," అంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"డైమేగా అమ్మా!"

నాణేలవాడి కూతురు, ఎమెట్. చొక్కా కొసతో తుడిచింది. రోలండ్ బతికుంటే అక్కడికక్కడే పోయేవాడు.

ఇంక మిగిలింది నా కథ. నేను రోజూ మధ్యాహ్నం కొండ మీదికి వెళ్ళి కూర్చునేదాన్ని. అతని కుడిచెయ్యి ఎప్పుడూ డ్రెస్సింగ్ గౌను జేబులోనే ఉండేది. పిప్పరమెంటు దాచుకున్నాడనుకున్నాను. ఒకసారి అడిగాను కూడా.

"ఏమిటది?"

"పది సెంట్లు."

"పది సెంట్లు నీకెందుకు?"

"బస్సుకి."

"ఏ బస్సు, రోలండ్?"

"వస్తుందిలే. నువ్వు కూర్చో."

ఆ రోజు కొండ దిగుతూ ఏడ్చాను. మతి కూడా పోయిందనుకున్నాను. తర్వాత వారానికోసారి నేనే వేళాకోళం చేసేదాన్ని, "బస్సు వచ్చిందా?" అని. "ఇవాళ ఆలస్యం" అనేవాడు. మొహంలో ఏ మార్పూ లేకుండా. మతి శుభ్రంగానే ఉంది, ఎమెట్. ఇల్లు వదిలే ముందే తన పుస్తకంలోంచి తనే తీసుకుని, చేసిన దొంగతనం దాచుకుంటున్నాడు. క్లబ్బులో అందరి వేళ్ళ మీదా కొట్టినవాడు, నాణేన్ని అంచులతో తప్ప పట్టుకోనివాడు, చూపు పోయాక ఆ గీతని వేలితో చూసుకుంటున్నాడు. వేలికి తగిలేదంటావా అది? అడగడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు. తగిలేది అని మాత్రమే జవాబు రాయి. చూసిన కొద్దీ చెరుగుతోందని అతనికి తెలియకుండా ఉంటుందా? నాకంటే బాగా తెలుసు. అయినా మానలేకపోయాడు.

నిన్న జూన్ సమావేశం. రూబార్బ్ పైలు నాలుగు చేశాను. మోకాళ్ళు రెండు రోజులు తిట్టాయి. లెనోర్ మోసింది, తుడిచిన పాపానికి. వెండెల్ మెట్ల కింద నిలబడి "జాగ్రత్త" అనబోయాడు, "ఇదిగో, ఇది పట్టుకో" అని రెండు పైలు అతని చేతుల్లో పెట్టాను. ముప్ఫై ఏళ్ళలో ఆ మెట్ల మీద అతను బరువు మొయ్యడం అదే మొదలు.

పైకి వెళ్ళి బల్ల మీద పెట్టి చెప్పాను. "ఇవి జరిమానా. రోలండ్ తరఫున. రెండేళ్ళు బిళ్ళ ముఖాన వేలు పెట్టాడు."

ఎవరికీ అర్థం కాలేదు. నీ ఉత్తరం చదివాను, పాఠం ఉన్న భాగం మొత్తం. అచ్చు పడకపోవడం, అరగడం, దోమకాటు, అంతా. నా గొంతు తరగతిలో లాగా వచ్చింది, వెనక కుర్చీలవాళ్ళు కూడా సర్దుకుని కూర్చున్నారు. తర్వాత బస్సు సంగతి చెప్పాను. నీ మీద వచ్చిన మాట మినిట్స్ లోంచి కొట్టేయాలని తీర్మానం పెట్టమన్నాను. వెండెల్ "అసలు అలాంటి మాట ఎవరూ అధికారికంగా..." అని మొదలుపెట్టాడు. "వెండెల్, నీ నోట్లో పై ఉంది" అన్నాను. తీర్మానం గెలిచింది.

ఇంటికొస్తూ ఆలోచించాను. వెండెల్‌కి అచ్చే సరిగా పడలేదు. అందుకే అంత మెరుస్తున్నాడు. మనం అరిగినవాళ్ళం.

గాజు పెట్టెలో ఇప్పుడు ఆ బిళ్ళనే పెడతామంటున్నారు, అరిగినా సరే, పక్కన కథ రాసి. నేను ఇవ్వనన్నాను. రెండేళ్ళు చేతిలో ఉన్నదాన్ని గాజు కింద పెడితే దానికి చలేస్తుంది. దున్నపోతులనే ఉండనివ్వండి అన్నాను. నాకు పంపెయ్యి. మార్కులు వేసి పంపు. అతను ఎలాగూ అడిగేవాడు.

మిస్టర్ అన్నందుకు క్షమించు. చెట్టుని కూడా అడిగాను, అది పట్టించుకోలేదంది.

అగస్టా


టూసాన్
జూలై 2, 1991

అగస్టా గారికి,

పొడుగ్గా రాయలేను. డాక్టరు సీసా పెద్దది ఇచ్చాడు. ఇప్పుడు అదే నన్ను తిప్పుతోంది.

తగిలేది.

బిళ్ళ ఇందులో ఉంది. ప్లాస్టిక్ డబ్బా లేదు. రోలండూ నేనూ వాడిన చిన్న గోధుమరంగు కాగితం కవరే. మార్కులు పెన్సిలుతో దాని మీద రాశాను. న్యాయంగానే వేశాను, స్నేహితుడని ఒక్కటి కూడా కలపలేదు. కింది వాక్యం మాత్రం ఏ కంపెనీ వాళ్ళూ వేసేది కాదు.

క్లబ్బు వాళ్ళు కార్డు పంపారు. అందరి సంతకాలూ ఉన్నాయి. దాని మీద లిల్లీలు.

ఎమెట్


కెల్సో ఫాల్స్
జూలై 15, 1991

ప్రియమైన ఎమెట్,

కవరు వచ్చింది. భూతద్దం పెట్టి చదివాను, నీ రాత కూడా అరిగింది.

"1945. డెబ్భైకి ముప్ఫై. పట్టీలు విడిగా ఉండేవి. చూశాను. ఇ. కార్విన్."

నా తరగతిలో ఎవరికైనా డెబ్భైకి ముప్ఫై వస్తే తండ్రిని పిలిపించేదాన్ని. దీనికి మాత్రం సరిపోయింది. కవరుని అతని ఫొటో అద్దం అంచులో దోపాను.

బిళ్ళ కవరులో లేదు. నా ఏప్రన్ జేబులో ఉంది. ఇవాళ పొద్దున అంట్లు కడగడం మధ్యలో ఆపి చూసుకుంటే వేలు దాని మీదే ఉంది. ఏ వైపు మీద, ఎక్కడ ఉందో నీకు రాయక్కర్లేదు. నాకైతే ఏ గీతా తగల్లేదు. నున్నగా, కొంచెం గుంటలా ఉంది. నా వేలి కంటే వెడల్పు.

లెనోర్ ఫోన్ చేసి "ఏం చేస్తున్నావమ్మా?" అంది. "బస్సు కోసం చూస్తున్నా" అన్నాను. పాపం, కంగారుపడి కారేసుకుని బయలుదేరింది. వచ్చాక చెప్తాను. ముందు భోజనం పెట్టి చెప్తాను.

నీ మార్కులు ఎంతోకాలం నిలవవు, ముప్ఫై నుంచి ఇరవై అయిదుకి దిద్దుకోవడానికి సిద్ధంగా ఉండు. ఆపిల్ చెట్టు ఈ ఏడు బాగా కాసింది. వచ్చే నెల క్లబ్బుకి జరిమానా పై చేసే వంతు నాది.

అగస్టా